నడుమ బాగుండాది, అంచులు తెలీవు

మా ఫిజిక్స్ సారు పోయారు. పెనుకొండలో, సొంత ఇంట్లో, పొద్దున పూట. పళ్ళు తోముకుని వచ్చి కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారట. గ్లాసు వచ్చేసరికి మనిషి లేరు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. నాకు ఫోన్ చేసింది సారు భార్య. "పాపా, మీ సారు ఇంగ లేరమ్మా" అన్నారు. నేను ఏదో అనబోయేలోపలే, "ధర్మవరం వదినకు ఎవరు చెప్పాల? నా నోటితో నేను చెప్పలేను తల్లీ" అన్నారు.

ధర్మవరం వదిన అంటే సారు అక్క. సారును పెంచింది ఆమే. ఆమె చూపు కోసమే సారు కటకాలు తయారుచేయడం నేర్చుకున్నారు. తాను నేర్చుకుంటూ నాకూ నేర్పారు. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ చదువు పెట్టిందే. ఆ చూపు మాత్రం నిలవలేదు. కాబట్టి ఇది చల్లగా ముగిసే కథ కాదని చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను.

మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా ఒకటే వరద. జ్ఞానజ్యోతి అని ఒకరు, వెలుగు పంచిన మహనీయుడు అని ఇంకొకరు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. సారు బతికుంటే ఆ మెసేజీ పెట్టినవాణ్ణి నిలబెట్టి అడిగేవారు. కాలేజీ వార్షికోత్సవంలో ఒక అతిథి ఇలాగే "మీరంతా వెలుగు పంచాలి" అని ఉపన్యాసం ఇస్తే, స్టేజీ దిగుతూ మాతో సారు అన్న మాట నాకింకా వినిపిస్తోంది. "వెలుగును పంచేదేందబ్బా, అదేమన్నా శెనిక్కాయలా? పంచేది ఎవరి చేతా కాదు. వంచేది మన పని."

హిందూపురం డిగ్రీ కాలేజీలో మాకు కాంతి పాఠాలు చెప్పింది ఆయనే. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. రైలు ఆలస్యమైతే మాకు పండగ. అందరి జేబుల్లో పెన్ను ఉంటే ఆయన జేబులో కాగితం చుట్టిన ఒక భూతద్దం ఉండేది. దాన్ని చొక్కా కొసతో తుడవనిచ్చేవారు కాదు. నోటితో ఆవిరి ఊది, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కతో తుడిచేవారు. తుడిచాక వెలుగుకు పట్టి చూసి, ఇంకోసారి తుడిచేవారు.

మాలో చాలామందిమి పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళం. మడకశిర వైపు పిల్లలైతే సగం కన్నడం, సగం తెలుగు. ఇంగ్లీషు పుస్తకంలో ఫోకస్ అని ఉన్నచోట సారు మా పాత పదాన్నే బోర్డు మీద రాశారు: నాభి. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు.

"ఏమప్పా, నాభి అంటే బొడ్డే. నీకు లేదా ఏంది?" అన్నారు సారు. "కడుపులో బిడ్డకు తల్లి దగ్గర్నుంచి వచ్చేదంతా బొడ్డులోంచే వస్తాది. ఈ అద్దానికి సూర్యుని దగ్గర్నుంచి వచ్చేదంతా ఈ చుక్కలోంచే పోతాది. ఆ పేరు పెట్టినోడు మనకంటే తెలివైనోడు."

ఒకరోజు కిటికీలన్నీ మూయించి ఒక్కటే తెరిపించారు. జేబులోంచి భూతద్దం తీసి గోడకు ఎదురుగా పట్టుకున్నారు. గోడ మీద తలకిందులుగా కిటికీ, కిటికీలో తలకిందులుగా సైకిల్ స్టాండు. "ఇప్పుడు ఈ అద్దాన్ని సగం మూసేస్తే ఏమైతాది?" అన్నారు. నేను లేచి, సగం బొమ్మ పోతుంది సార్ అన్నాను, ఇందులో అడిగేదేముంది అన్నట్టు. ఆయన అరచేత్తో సగం మూశారు. బొమ్మ మొత్తం అలాగే ఉంది. కాస్త మసకబారిందంతే.

"అద్దంలో ప్రతి ముక్కకూ బొమ్మంతా తెలుసు పాపా. మూస్తే వెలుగు తగ్గుతాది, బొమ్మ తెగదు."

నాకు ఆశ్చర్యం కంటే కోపం వచ్చింది. ఎవరో నన్ను ఇన్నాళ్ళూ మోసం చేసినట్టనిపించింది. ఇంటికెళ్ళి మా నాయన కళ్ళజోడు లాక్కుని సగం మూసి, తీసి, సాయంత్రం దాకా అదే పని. నేను ఈ విద్యలోకి వచ్చింది ఆ కోపంతోనే.

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చున్నాను. సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళకు నేను నచ్చలేదు, నాకు వాళ్ళు నచ్చలేదు, మా అమ్మకు మేమెవరమూ నచ్చలేదు. అప్పుడే హిందూపురం బజారులో సారు కనిపించారు.

"ఏం చేస్తాండావు పాపా?"

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే నాతో లెక్కలు చేద్దువు రా. మా అక్కకు ఒక అద్దం కావాల."

ఆ అక్క గురించి అప్పుడే విన్నాను. వాళ్ళది రొద్దం దగ్గర శెనిక్కాయ పండించే ఇల్లు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, పెళ్ళయిన అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ధర్మవరం చేరింది. వానలు లేక ఊళ్ళు వదిలిన చాలామంది లాగే ఆమె కూడా మగ్గం పని నేర్చుకుంది. నేత వాళ్ళ కులవిద్య కాదు. కూలి మగ్గం మీద కూర్చుని, తప్పులు చేసి తిట్లు తిని నేర్చింది. పోనుపోను జరీ పెద్దంచు చీర అంటే ఆమె చేతికే ఇచ్చేవాళ్ళట. తమ్ముణ్ణి చదివించింది ఆ చేతులే.

నేను చూసేనాటికి ఆమె జుట్టు సగం నెరిసింది. ఇంట్లో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. ఆమె నేసిన చీరల్లో కొన్నాళ్ళుగా అంచుల దగ్గర తప్పులొస్తున్నాయి. పోగు తెగినా చూసుకోకుండా నేసుకుపోతోంది. ఇంకో చీర ఇలాగే వస్తే మగ్గం వేరేవాళ్ళకిస్తానని, దాన్ని పెట్టించిన షావుకారు చెప్పి పోయాడు. "మగ్గం దిగినాక నేనెవరు పాపా?" అంది నాతో, మొదటి రోజే. "కోడలు పెట్టిన అన్నం తిని మూల కూచునే ముసల్ది. ఇది ఉన్నన్నాళ్ళే నేను మనిషి."

ధర్మవరంలో కంటికి ఒక పరీక్ష ఉంది. ఏ డాక్టరూ పెట్టింది కాదు. తెగిన పోగును అతకగలిగితే కన్ను బాగున్నట్టు, అతకలేకపోతే కన్ను పోయినట్టు. ఆ వీధిలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఆమె మా ఎదుటే ఒక పట్టుపోగు తెంపి, రెండు కొసలూ వేళ్ళ మధ్య పెట్టి ఇట్టే మెలిపెట్టింది. నేను దగ్గరికి వంగి చూసినా అతుకు కనిపించలేదు.

"సూడు, అతికినా. కన్ను యాడ పోయింది?" అంది.

సారు నవ్వారు. కన్ను బాగుంది, వయసుకు కాస్త పెద్దగా చూపించే అద్దం ఉంటే చాలు అనుకున్నాం. ఆ పోగు మమ్మల్ని ఎంత నమ్మించిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదట కొన్నది మామూలు భూతద్దం, స్టాండుకు బిగించి మగ్గం మీద పెట్టాం. కాసేపు బాగుంది. తర్వాత మసకబారింది. అద్దం కదల్లేదు, ఆమె కదల్లేదు. సారు గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసి నవ్వడం మొదలుపెట్టారు. నేసేకొద్దీ బట్ట పెరుగుతుంది, పేక, అంటే అడ్డపోగు, పడే చోటు ముందుకు జరుగుతుంది. బట్టను చుట్టినప్పుడు మళ్ళీ వెనక్కొస్తుంది. మేం ఆగి ఉన్న వస్తువుకు అద్దం పెట్టాం, అది పాకుతూ పోతోంది. "చూసేదేంది, చూసేదెవరు, నడుమ ఎంత దూరం? ఈ మూడూ అడగకుండా అద్దం కొనేది మన లాంటి తెలివైనోళ్ళ పని" అన్నారు. పైనుంచి వేలాడే ఒక చేయి చేయించి, దానికి అద్దం తగిలించాం. ఆమె ఎడమచేత్తో తోసుకుంటే జరుగుతుంది.

ఆ పద్ధతి ఆమెకు నచ్చింది. కొన్నిరోజులు నేసి, మేం వెళ్ళినప్పుడు చెప్పింది.

"నడుమ బాగుండాది రా. అంచులు తెలీవు."

ఆ మాట వినగానే సారు మొహం వెలిగిపోయింది. ఎందుకో చెప్పాలి. ఒంటి కటకంలోంచి చదునైన వస్తువును చూస్తే మధ్యలో స్పష్టంగా ఉంటుంది, అంచులకు పోయేకొద్దీ చెదిరిపోతుంది. బల్లపరుపు బట్టను చూస్తున్నా, దాని బొమ్మ గిన్నె లోపలి గోడ మీద పడినట్టు వంగిపోతుంది. మధ్యను సరిచేస్తే అంచు పోతుంది, అంచును పట్టుకుంటే మధ్య పోతుంది. కటకాలు తయారుచేసేవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం ఇదే. ఎక్కడ మొదలుపెట్టాలా అని తిరుగుతున్న మాకు ఆమె దారి చూపించిందనుకున్నాం.

"ఇంగేం, పని దొరికింది పాపా" అన్నారు సారు స్టేషనుకు నడుస్తూ. అంత సంతోషంగా ఆయన్ను నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఆదివారాలు పెనుకొండలో సారు ఇంటి వసారాలో మా బడి. పుస్తకాలు పాతవి, ఎవరో తీసేసినవి. కంప్యూటరులో కిరణాలు గీసే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఎక్కించుకున్నాం. కానీ సారు దాన్ని ముట్టుకోనిచ్చేది ఆఖర్న. ముందు చేత్తో. ఒక కిరణం వస్తుంది, గాజు మొదటి ముఖం తాకుతుంది, ఇంత వంగుతుంది. లోపల ఇంత దూరం పోతుంది, రెండో ముఖం తాకుతుంది, మళ్ళీ వంగుతుంది. ప్రతి మలుపులో లెక్క. చేతులు నొప్పిపుట్టి నేను సణిగితే, "అది చెప్తాది, నమ్ముదాం. కానీ ఒక్క కిరణాన్నన్నా నువ్వు చెయ్యి పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి తీసకపో. లేకుంటే అది అబద్ధం చెప్పిన రోజు నీకు తెలీదు" అనేవారు. సారు భార్య మజ్జిగ తెచ్చి పెట్టి, "ఈ ఇంట్లో అడుగు పెట్టాలంటే భయం, యాడ చూసినా గాజుపెంకులే" అని విసుక్కునేవారు. విసుక్కుంటూనే వాటిని మెత్తని బట్టల్లో చుట్టి పెట్టేవారు.

ఒక దోషం తగ్గిస్తే ఇంకోటి తలెత్తుతుంది. వెలుగు దూరే రంధ్రం చిన్నది చేస్తే అంచులు బాగుపడతాయి, వెలుగు చచ్చిపోతుంది. ఒక కటకాన్ని రెండు చేసి వాటి మధ్య రంధ్రం పెడితే ఒకదాని వంకర ఇంకోటి కొంత సరిచేస్తుంది, కానీ బరువు పెరుగుతుంది. నాకు ఏడుపొచ్చినప్పుడల్లా సారు ఒకే సామెత అందుకునేవారు: "గుడ్డి కన్నా మెల్ల మేలు పాపా. యా దోషం లేని అద్దం దేవుని దగ్గర కూడా లేదు. దేన్ని ఓర్చుకోవల్లో తెలుసుకునేదే మన విద్య." హిందూపురంలో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే ఒక షాపతను మా గీతలు చూసి తల పట్టుకుని, తిట్టుకుంటూ అరగదీసి ఇచ్చేవాడు.

ఒక్కో అద్దం తయారైనప్పుడల్లా ధర్మవరం. రైలు దిగి, పట్టు అంగళ్ళ మధ్య నడిచి, ఆమె ఇంటికి. ఆమె గుంతలోకి దిగి, అద్దం లాక్కుని, చాలాసేపు చూసేది. మేం పక్కన నిలబడి కాచుకునేవాళ్ళం.

"పోయినసారి కన్నా మేలే రా. నడుమ చానా బాగుండాది. అంచులే..."

సారు తలూపి, తిరుగు రైల్లోనే కొత్త లెక్క మొదలుపెట్టేవారు.

ఆ ఇంట్లో ఇంకేం జరుగుతోందో మా కళ్ళతోనే చూశాం. ఆమె భుజం తలుపు చెక్కకు కొట్టుకునేది. గుంతలోకి దిగేముందు కాలితో గట్టు వెతుక్కునేది. నాకు నీళ్ళిస్తూ గ్లాసు పక్కన పోసేది. పోగు మోస్తూ పక్కనుంచి దూసుకొచ్చే నాడెను అందుకోలేక వదిలేసేది. "అత్తకు పరధ్యానం ఎక్కువైంది సార్" అనేది కోడలు. అందరం నవ్వేవాళ్ళం, ఆమె కూడా నవ్వేది. ఆ వెంటనే ఎవరో ఒకరు పోగు అతకమనేవారు, ఆమె అతికేది.

ఆఖరి అద్దం నిజంగా మంచిది. గడుల కాగితం మీద పెట్టి చూస్తే మధ్యలో గడి ఎలా ఉందో, అంచులో గడీ అలాగే ఉంది. గీతలు వంగలేదు, చెదరలేదు. సారు నా వైపు చూసి, ఇంతకంటే నాకు రాదు పాపా అన్నారు. నాకూ రాదని తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం అది పట్టుకుని వెళ్ళాం. ఆమె గుంతలో కూర్చుని చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నడుమ అద్దం మాదిరి ఉండాది రా" అని ఆగి, మెల్లగా, "అంచులు తెలీవు" అంది.

సారుకు అక్క మీద కోపం రావడం నేను చూసింది అప్పుడే. "ఇంగెంత చెయ్యాల అక్కా? ఈడ అంచుల్లో ఏం తప్పుండాదో చూపీ! మాకు కనపడతాంది గదా, నీకేంటికి కనపడదు?"

ఆమె అద్దాన్ని పక్కకు తోసేసింది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమో రా. ఇది ఉండినా అంతే, తీసినా అంతే గదా. ఇప్పుడు నీ మొగం కనపడతాంది. ఈ పాప గొంతు ఇనపడతాంది గానీ, మనిషి యాడుండాదో తెలీదు."

నేను సారు పక్కనే కూర్చుని ఉన్నాను, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర.

సారు గట్టు మీదికి జరిగి, "నా ముక్కు చూడక్కా. దాని మీంచి చూపు తియ్యద్దు" అన్నారు. చేయి ఆమె చెవి దగ్గర పెట్టి, వేలు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చారు. చెవి దాటింది, చెంప దాటింది. ఆమె ఏమీ అనలేదు. వేలు దాదాపు తన ముక్కు దగ్గరికి వచ్చాక, "ఆ, ఇప్పుడుండాది" అంది. రెండో వైపూ అంతే.

"ఎప్పట్నించి అక్కా?"

"యాడ తెలుస్తాది రా. గోడలు రోజూ రోంత దగ్గరికి జరిగినట్ల వచ్చింది. నీ అద్దంలోనే ఏదో లోటుండాదేమో, బిడ్డ ఇంత కష్టపడతాండాడు, గట్టిగా చెప్తే బాధపడతాడని మెత్తగా చెప్తా ఉంటి."

నా చదువంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఆమె అంచు అన్నది చీర అంచును. మేం విన్నది కటకం అంచును. పోతున్నది ఆమె చూపు అంచు. ముగ్గురం ఒకే భాష మాట్లాడేవాళ్ళం, ఒకే జిల్లా మట్టి తిన్నవాళ్ళం. ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ మేం అద్దాన్ని బాగుచేశాం.

పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నీటికాసులు, గ్లకోమా అన్నారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుంది. నొప్పి ఉండదు. ముందు పక్కలు తింటుంది, మధ్యను ఆఖర్న ముట్టుకుంటుంది. అందుకే చివరిదాకా పోగు అతుకుతుంది. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే మిగిలింది కొన్నాళ్ళు నిలవచ్చు అన్నారు. "కాస్త ముందు వచ్చుంటే" అని డాక్టరమ్మ మాట మధ్యలో ఆపేసింది. ఆ ఆపిన మాటను సారు ఆఖరిదాకా మోశారు.

సారు సంచిలోంచి మా అద్దం తీసి డాక్టరమ్మకు చూపించారు. ఎందుకు చూపించారో నాకు తెలియదు. ఏదైనా ఆశ ఉందేమోనని కాబోలు. ఆమె దాన్ని కేసు కాగితం మీద పెట్టి చూసి, నిజంగానే ముచ్చటపడింది. "ఎవరు చేశారు సార్? చాలా బాగుంది" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "కానీ ఈమెకు ఇది వాడొద్దు. ఈమెకు మిగిలింది చిన్న కిటికీ. మీరు బొమ్మను పెద్దది చేసేకొద్దీ ఆ కిటికీలో చిన్న ముక్కే పడుతుంది."

బయట వరండాలో సారు అక్కను కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నాం. సారు నాకు మాత్రమే వినబడేలా అన్నారు, "అద్దం సగం మూస్తే బొమ్మ తెగదని క్లాసులో చెప్తి గదా పాపా. బొమ్మ పడే తెరే పోతే తెగుతాది. తెర సంగతి నేను ఎప్పుడూ అడగలా." నేను ఏదో ఓదార్పు చెప్పబోతే చేయి అడ్డం పెట్టారు.

మగ్గం ఎత్తేశారు. ఆమె అందులో పడుతుందేమోనని గుంతను కూడా పూడ్చేయాలన్నాడు కొడుకు. వీధిలోంచి మట్టి తెచ్చి పోశారు, సారు కూడా ఒక తట్ట మోశారు. పోసినంతసేపూ ఆమె వంటింటి గడపలో కూర్చుని, "బాగా తొక్కండప్పా, వానొస్తే కుంగుతాది" అంది. మామూలు గొంతుతోనే అంది.

ఆ తర్వాత సారు నోట గుడ్డి కన్నా మెల్ల మేలు అనే మాట నేను వినలేదు. ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కు కాంతి పాఠం మొదలుపెట్టేముందు ఈ కథంతా చెప్పేవారట, ఒక్క తప్పూ దాచకుండా. తోటి లెక్చరర్లు, పిల్లల ముందు మనల్ని మనం అంత తక్కువ చేసుకోవడం దేనికి సార్ అంటే, "నేను తక్కువయితే అయితి. వాళ్ళింట్లో ఎవురికన్నా అంచులు తెలీకపోతే వాళ్ళకు తెలియాల గదా" అనేవారట. రిటైరయ్యేదాకా చెప్పారు. ఆ క్లాసు విని తన తల్లిని సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్ళిన నల్లమాడ పిల్ల ఒకతె ఉందని నాకు తెలుసు. సారుకు ఆ సంగతి చెబితే, మంచిదమ్మా అన్నారంతే. ఆయన లెక్కలో అక్క చూపుకు అది సరితూగలేదు.

నన్ను ఉద్యోగానికి పంపింది ఆయనే. కెమెరా కటకాలు చేసే కంపెనీ. ఇంటర్వ్యూకు ఆ ఆఖరి అద్దాన్నే తీసుకెళ్ళమన్నారు. నాకు మనసొప్పలేదు. "తీసకపో. అద్దంలో తప్పు లేదు" అన్నారు. వాళ్ళు దాన్ని చూసి నన్ను అక్కడికక్కడే ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇప్పుడు నేను గీసే కటకాల వెనక కళ్ళుండవు, సెన్సర్లుంటాయి. వాటికి నీటికాసులు రావు. అయినా కొత్త పని వచ్చినప్పుడల్లా చూసేదెవరు అని అడుగుతాను. మా ఆఫీసులో అది నా చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

సారు ప్రతి ఆదివారం ధర్మవరం వెళ్ళేవారు. కోడలు చుక్కలు సరిగ్గానే వేస్తుందని తెలిసినా, ఆ రోజు మాత్రం తానే వేసేవారు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటిలో ఆ చిన్న కిటికీని మందు నిలబెట్టింది. అక్కాతమ్ముళ్ళు దాని గురించి మాట్లాడుకోగా నేను ఎప్పుడూ వినలేదు. వానల గురించి, రొద్దం పొలం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

సారు పోయిన సంగతి చివరికి ఆమెకు ఫోన్ చేసి చెప్పింది నేనే. "ఊఁ" అంది. "నన్ను తీసకపొమ్మను నా కొడుకుని" అంది.

మధ్యాహ్నానికి తల్లీకొడుకులు కారులో పెనుకొండ వచ్చారు. అప్పటికే నేను అక్కడున్నాను. సారును వసారాలో పడుకోబెట్టారు, మేం లెక్కలు చేసిన చోటే. ఇంటి ముందు షామియానా, దాని నిండా జనం. ఆడవాళ్ళు ఏడుస్తూ ఆమెను చేతులు పట్టి తీసుకొచ్చి తల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె ఏడవలేదు. మొహం దగ్గరికి వంగింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆయన నుదురు తడిమి, మళ్ళీ వంగింది.

"కనపళ్ళే" అంది.

"ఇంగా దగ్గరికి పోవ్వా" అని ఎవరో ఆమె వీపు మీద చేయి వేసి ముందుకు నెట్టారు.

"దగ్గరికొద్దమ్మా. ఒక చెంపే కనపడతాంది, ఒక కన్నే కనపడతాంది. మనిషి కనపళ్ళే." చేయి గాలిలోకి చాపింది. "పాప యాడుండాది? పాపా, నన్ను ఎనక్కి తీసకపో."

నేను ఆమె భుజాలు పట్టుకున్నాను. లేపి, తమ్ముడి వైపే మొహం ఉంచి, ఒక్కో అడుగూ వెనక్కి వేయించాను. మెట్టు దిగాం. "ఇంగా" అంది. తమ్ముని దగ్గర కూడా కూర్చోదా ఈమె అని ఎవరో గొణిగారు. నాకు వాళ్ళను కొట్టాలనిపించింది. మధ్యలో నిలబడినవాళ్ళను జరగమన్నాను. కుర్చీలు జరిపారు, జనం రెండు పాయలయ్యారు. వసారా నుంచి గేటు దాకా దారి తెరుచుకుంది. షామియానా దాటాం. గేటు దాటాం. ఒక ఆటో హారన్ కొట్టి, మమ్మల్ని చూసి ఆగిపోయింది.

రోడ్డు మీద ఆమె ఆగింది.

"ఉండు, ఉండు" అంది. "ఇప్పుడు అంతా ఉండాడు."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా చీర మీద పడుతున్నాయి. తుడవబోతే నా చేయి పట్టుకుని ఆపేసింది. కదిలితే మళ్ళీ వెతుక్కోవాలి. ఎండలో, నడిరోడ్డు మీద, తల కదపకుండా, రెప్ప కొట్టకుండా ఆమె తమ్ముణ్ణి చూస్తూ నిలబడింది.